దెయ్యం కనపడని ట్రైలర్‌కే భయమెక్కువ

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: రెండు నిమిషాల హారర్ ట్రైలర్‌కి గుండె ఝల్లుమంటుంది. తీరా సినిమాకి వెళ్తే అంత భయం వెయ్యదు. ఎందుకంటారు?
- ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: సినిమా అన్నాక దెయ్యం ఎవరో, ఎందుకు పగబట్టిందో, ఎలా వదిలిపోతుందో చెప్పి తీరాలమ్మా. సంగతి తెలిసేకొద్దీ భయం పలచబడుతుంది. ట్రైలర్‌కి ఆ బరువు లేదు. తలుపు కిర్రుమనిపించి ఊరుకోవచ్చు.

2013లో వచ్చిన ‘ది కంజూరింగ్’ టీజర్ మళ్ళీ ఒకసారి చూడండి. ఆ ఇంట్లో పిల్లలది దాగుడుమూతల్లాంటి ఆట. దాక్కున్నవాళ్ళు చప్పట్లు కొడితే, కళ్ళకు గంతలు కట్టుకున్నవాళ్ళు ఆ చప్పుడును బట్టి వెతుక్కోవాలి. మొదట్లోనే మనకు ఆట నేర్పేస్తారు. ఆ తర్వాత రాత్రిపూట తల్లి ఒక్కతే నేలమాళిగ చీకట్లో అగ్గిపుల్ల గీస్తుంది. ఆ కాస్త వెలుగులో ఆమె ముఖం, పక్కనంతా కటిక చీకటి. అందులోంచి రెండు చేతులు వచ్చి చప్పట్లు కొడతాయి. అంతే! నెత్తురు లేదు, వికృతమైన మొహం లేదు. మిగతాదంతా మన ఊహే అల్లుకుంటుంది. ఇంత పొదుపుగా భయపెట్టిన టీజర్ నేను ఇంకొకటి చూడలేదు.

ఇలాంటి ట్రైలర్లలో సగం పని నిశ్శబ్దానిదే. చప్పుడుకు ముందు సంగీతం ఆగిపోతుంది. మనం చెవులు రిక్కిస్తాం. సరిగ్గా అప్పుడు శబ్దం పిడుగులా పడుతుంది. ఉలిక్కిపడటం ఒంటికి పుట్టుకతో వచ్చిన గుణం. బుద్ధి ‘ఇది సినిమా’ అని సర్దిచెప్పేలోపే భుజాలు ముడుచుకుపోతాయి.

ప్రశ్న: ఈ ట్రైలర్లలో లాలిపాటలు, పాత పాటలు ఎందుకు పెడతారు?
- ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: హాయినిచ్చే వస్తువే తేడాగా కనిపిస్తే ఇక నమ్ముకోవడానికి ఏదీ మిగలదు. 2019 నాటి ‘అస్’ సినిమా ట్రైలర్‌లో ఓ కుటుంబం కారులో సరదాగా ఒక హిప్‌హాప్ పాట వింటుంది. కాసేపటికి అదే పాటను సాగదీసి, నెమ్మది చేసి వెన్నులో వణుకు పుట్టించారు. పాట మనకు పరిచయం కావడమే అక్కడి కిటుకు. ఊయల, బొమ్మ, పసిపిల్ల నవ్వు కూడా ఇందుకే. కాకపోతే అందరూ ఇదే పట్టుకోవడంతో కిటుకు అరిగిపోయింది. కొత్తవాళ్ళు వేరే దారి వెతుక్కోవాలి.

ప్రశ్న: ట్రైలర్‌లో ఉన్నది సినిమాలో లేకపోతే మోసం కాదా?
- ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: నేనలా అనుకోను. 1960లో ‘సైకో’ ట్రైలర్‌లో దర్శకుడు హిచ్‌కాక్ తానే ఇల్లు చూపించే గైడులా తిరిగి, చివర్లో స్నానాలగది తెర లాగుతాడు. అక్కడ కెవ్వుమన్నది నటి వెరా మైల్స్. సినిమాలో ఆ చోట ఉన్నది మరో నటి జానెట్ లీ. ట్రైలర్ ఊరించాలి, గుట్టు మాత్రం విప్పకూడదు.

ప్రశ్న: మా పదేళ్ళవాడు ఫోన్‌లో హారర్ ట్రైలర్ చూసి రాత్రుళ్ళు లైటు ఆర్పనివ్వట్లేదు. ఏం చెయ్యాలి?
- ఒక తల్లి, కర్నూలు

సమాధానం: ‘అదంతా ఉత్తిదే’ అని కొట్టిపారెయ్యకండి. వాడికి ఇష్టమైతేనే, పట్టపగలు పక్కన కూర్చోబెట్టుకుని అదే ట్రైలర్‌ను సౌండ్ పూర్తిగా తీసేసి చూపించండి. తర్వాత సౌండ్ పెట్టి, సంగీతం ఎక్కడ ఆగిందో, చప్పుడు ఎక్కడ పడిందో వాడిచేతే చెప్పించండి. వద్దంటే బలవంతపెట్టకండి. నాలుగు రోజులు లైటు వెలిగితే వెలగనివ్వండమ్మా.