‘మేక్ అప్’ – ఒక క్రియ, పలు అర్థములు

యాలాల్, తాండూరు పరిసర గ్రామముల విద్యార్థులలో కొందరి ఇంటిభాష ఉర్దూ, కొందరిది తెలుగు. ఇరువురికిని ఆంగ్లము కొరకరాని కొయ్యయే.

ఒకనాడు తరగతిలో ‘ది బ్రదర్స్ మేడ్ అప్’ అను వాక్యమునకు ఒక విద్యార్థి ‘అన్నదమ్ములు ముఖమునకు రంగు పూసికొనిరి’ అని వ్రాసెను. తరగతి నవ్వినది, మేము నవ్వలేకపోతిమి. అతడెరిగిన మేకప్ సినిమా వారిది. అన్నదమ్ములు రాజీపడిరని అతనికి అంతకుముందు తెలిపినవారు లేరు. ఆ లోపము బోధించు మాది.

‘మేక్’ అనగా చేయుట, ‘అప్’ అనగా పైకి. రెండును కూడినచో పుట్టు అర్థము ఈ రెంటిలోను కానరాదు. ఇట్టి క్రియలు పరదేశీయులకు మిక్కిలి కష్టమని డాక్టర్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించెను. కావున మన విద్యార్థులు సిగ్గుపడవలసినది లేదు.

‘మేక్ అప్’ ముఖ్యార్థములివి:

1. అలంకరించుకొనుట.
2. లేనిది కల్పించుట: ‘మేడ్ అప్ స్టోరీ’ అనగా కట్టుకథ.
3. రాజీపడుట. ఎవరితోనో చెప్పుటకు ‘విత్’ చేరును.
4. లోటు భర్తీచేయుట. తరచు ‘ఫర్’ చేరును.
5. కూడియుండుట: ‘మేడ్ అప్ ఆఫ్’.
6. నిశ్చయించుకొనుట: ఇందు ‘మైండ్’ అను పదముండును.

అర్థమును క్రియలో గాక దాని ఇరుగుపొరుగు పదములలో వెదకవలెనని దీనివలన తేలుచున్నది.

ఇది ఆంగ్లమునకే చెల్లిన వింత కాదు. ఉర్దూలో ‘బనానా’ అనగా చేయుట. ‘బాతేఁ బనానా’ అనగా మాటలు కల్పించుట. ‘బనావ్ సింగార్’ అలంకరణము. ఇరువురికి పొసగనిచో ‘ఉన్ దోనోఁ మేఁ నహీఁ బన్‌తీ’ అందురు. తెలుగున ‘కట్టు’ చూడుడు: గోడ కట్టుదుము, ఫీజు కట్టుదుము, జట్టు కట్టుదుము, కట్టుకథ కల్పన, కట్టుబొట్టు వేషధారణ. వీనిని మనమే నిఘంటువు చూచి నేర్చితిమి? వాడుకలో విని నేర్చితిమి.

తాండూరు నాపరాయి నేలపై పరచిన బండ, గోడలో పేర్చిన రాయి, వాకిట వేసిన అరుగు. రాయి ఒక్కటే, దానిని ఉంచిన చోటు వేరు. క్రియయు నట్టిదే.

విద్యార్థులారా! ఇకపై ఇట్టి క్రియ ఎదురైనపుడు ఒంటి పదమును గాక వాక్యమంతయు నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ప్రక్కనే మీ ఇంటి మాట, అది ఉర్దూయైనను తెలుగైనను, వ్రాయుడు. మాతృభాష ఆంగ్లమునకు అడ్డుగోడ కాదు, వాకిలి.