దగ్గరిదారికి కావలి

ఉద్దేశం: నిల్వలో ఉన్న ఫైలును ప్రోగ్రామ్ ఏ మార్గంలో చేరుకొంటుందో తెలుసుకోవడం, ఆ మార్గాన్ని కుదించినపుడు కలిగే లాభాన్నీ, దాని వెంట వచ్చే బాధ్యతనూ గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కంప్యూటర్‌లో సమాచారానికి రెండు నివాసాలున్నాయి. ఒకటి మెమరీ, రెండవది నిల్వ సాధనం. మెమరీ ప్రాసెసర్‌కు సన్నిహితమైనది, వేగవంతమైనది. కాని విద్యుత్తు పోగానే అందులోనిదంతా చెరిగిపోతుంది. డిస్కు వంటి నిల్వ సాధనం నిదానమైనది. అయినా విద్యుత్తు లేనపుడు సైతం తనలోని సమాచారాన్ని కాపాడుకొంటుంది. మెమరీ పలక మీద సుద్దతో వేసిన లెక్క వంటిదైతే, డిస్కు ఖాతా పుస్తకంలోకి ఎక్కించిన పద్దు వంటిది. మనం ఫైలు అని పిలిచేది ఈ రెండవ నివాసంలో ఉంటుంది.

ప్రోగ్రామ్ తనంత తానుగా డిస్కును తాకలేదు. తనకు కావలసిన భాగాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్ ఆ భాగాన్ని డిస్కు నుండి తెప్పించి, పేజీ క్యాష్ అనే మధ్యస్థానంలో ఉంచుతుంది. సాధారణంగా ఒక్కొక్క పేజీ పరిమాణం 4096 బైట్లు. డిస్కు నుండి మెమరీకి జరిగే ఈ రవాణాలో ప్రాసెసర్ ప్రతి బైటునూ మోయనక్కరలేదు. చిరునామా చెప్పి వదిలితే పరికరమే నేరుగా మెమరీలో సమాచారాన్ని దించుతుంది. దీనిని డి.ఎం.ఎ. అంటారు. ఆ తరువాత కెర్నల్ పేజీ క్యాష్‌లోని ప్రతిని ప్రోగ్రామ్ సొంత మెమరీలోకి నకలు చేస్తుంది. రాసేటపుడు ఇదే ప్రయాణం తిరుగుముఖంగా సాగుతుంది.

ఈ మధ్యస్థానం వృథా కాదు. ఒకసారి చదివిన పేజీ మరల అవసరమైతే డిస్కు దాకా పోకుండా అక్కడే దొరుకుతుంది. చిన్న చిన్న రాతలు అక్కడ పోగై ఒక్కసారిగా డిస్కుకు చేరుతాయి. వీటికి తోడు పైకి కనిపించని మూడవ మేలు ఒకటి ఉంది. పరికరాలూ ప్రోగ్రామ్‌లూ పట్టుకొనేది పేజీ క్యాష్‌లోని ప్రతినే తప్ప డిస్కులోని అసలు స్థలాన్ని కాదు. ఫైలును మధ్యలో తొలగించినా, పట్టుకొన్నవారి చేతిలో ప్రతి మిగులుతుంది. డిస్కులోని స్థలం మాత్రం విడిగా ఖాళీ అవుతుంది. ఇద్దరికీ పేచీ లేదు.

నకలు చేసే శ్రమను తగ్గించడానికి ఫైలును ప్రోగ్రామ్ చిరునామాల పరిధిలోకి తెచ్చి అతికించే పద్ధతి కూడా ఉంది. ఫైలును మెమరీలోని భాగంగానే చూడాలనే ఈ ఆలోచన 1960ల నాటి మల్టిక్స్ వ్యవస్థలోనే కనిపిస్తుంది. నేటి లైనక్స్‌లో ఈ పని చేసేది ఎమ్‌మ్యాప్ అనే పిలుపు. అయితే సాధారణ డిస్కు విషయంలో ఎమ్‌మ్యాప్ చూపేది కూడా పేజీ క్యాష్‌లోని ప్రతినే.

మెమరీ వలె వేగంగా పనిచేస్తూ, డిస్కు వలె సమాచారాన్ని నిలుపుకొనే సాధనం వస్తే ఏం చేయాలి? ఇంటెల్, మైక్రాన్ సంస్థలు 2015 జూలైలో అటువంటి సాంకేతికతను ప్రకటించాయి. 2019లో ఇంటెల్ ఆప్టేన్ పేరుతో 128, 256, 512 గిగాబైట్ల మాడ్యూళ్లను విడుదల చేసింది. ఇవి మెమరీ అమరే గాడిలోనే అమరుతాయి. నిల్వే మెమరీగా మారినపుడు దానిని ఇంకొక మెమరీలోకి నకలు చేయడం, బావిగట్టున నిలిచి తొట్టి నింపుకొని, ఆ తొట్టిలో చెంబు ముంచుకొని తాగినట్లే ఉంటుంది. అందుచేత ఆ మాడ్యూళ్లు మార్కెట్టుకు రాకముందే, 2015 ఏప్రిల్‌లో వెలువడిన లైనక్స్ 4.0లో డాక్స్ అనే ప్రత్యక్ష మార్గం ఏర్పడింది. ఇందులో పేజీ క్యాష్ ఉండదు. ఫైలు ఉన్న అసలు స్థలమే ప్రోగ్రామ్ చిరునామాల పరిధిలోకి వస్తుంది.

దారి తగ్గింది. కాని దారి మధ్యలో ఉన్న కావలివాడు కూడా తొలగిపోయాడు. అతడు చేస్తున్న పనులు ఇపుడెవరు చేయాలి? ఈ ప్రశ్న నుండి రెండు చిక్కులు పుట్టాయి.

మొదటిది నిలకడకు సంబంధించినది. ప్రోగ్రామ్ రాసిన విలువ ముందుగా ప్రాసెసర్ లోపలి క్యాష్‌లో, చాలా యంత్రాలలో 64 బైట్ల వరుసగా ఉంటుంది. అది మాడ్యూల్‌కు చేరకముందే విద్యుత్తు పోతే ఆ రాత నశించవచ్చు. ఒక ఖాతా నుండి సొమ్ము తీసి మరొక ఖాతాలో వేసే సందర్భాన్ని ఊహించండి. తీసిన పద్దు నిల్వకు చేరి, వేసిన పద్దు చేరకపోతే సొమ్ము మధ్యలో మాయమవుతుంది. కనుక రాసిన దానిని లోపలికి తోయవలసిన బాధ్యతా, ఏది ముందు ఏది వెనుక అని క్రమం పాటించవలసిన బాధ్యతా ప్రోగ్రామ్ మీద పడ్డాయి. ఫైలుకు ఏయే స్థలాలు కేటాయించారో తెలిపే లెక్క కూడా అప్పటికి భద్రంగా నమోదై ఉండాలి. దీనికి హామీ ఇచ్చే సదుపాయం 2018 జనవరి నాటి లైనక్స్ 4.15లో చేరింది.

రెండవది మరింత తీవ్రమైనది. ఒక ప్రోగ్రామ్ డాక్స్ మార్గంలో ఫైలును తెరచి, ఆ చిరునామాను నెట్‌వర్క్ కార్డుకు ఇచ్చి, వచ్చే సమాచారాన్ని అక్కడే దించమన్నదనుకొందాం. కార్డు డి.ఎం.ఎ. ద్వారా రాస్తూ ఉంటుంది. ఇంతలో వేరొక ప్రోగ్రామ్ ఆ ఫైలును కత్తిరించింది. ఫైలు వ్యవస్థ దృష్టిలో ఆ స్థలం ఖాళీ. దానిని కొత్త ఫైలుకు కేటాయించింది. ఈ మార్పు ఎరుగని కార్డు పాత చిరునామాలోనే రాస్తూ పోతుంది. అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేసినా తాళంచెవి వారి వద్దనే ఉండిపోయినట్లు! కొత్త ఫైలులో ఉన్నది రోగి వైద్య వివరాలు కావచ్చు, విద్యార్థి మార్కుల పట్టిక కావచ్చు. సంబంధం లేని బైట్లు వచ్చి దాని మీద పడతాయి. ఫైలు తెరచేటపుడు జరిగే అనుమతుల పరీక్ష ఈ తప్పును పట్టలేదు. ఎందుకంటే పరికరం ఏ ఫైలునూ కొత్తగా తెరవడం లేదు.

లైనక్స్ ఈ చిక్కును రెండు నియమాలతో అదుపు చేసింది. స్వల్పకాలం పట్టే పని అయితే, పరికరం తన పట్టు విడిచేదాకా ఫైలును కత్తిరించే పని వేచి ఉండాలి. ఎంతకాలం పడుతుందో తెలియని దీర్ఘకాలిక పట్టు కోరితే, డాక్స్ ఫైళ్ల విషయంలో కెర్నల్ ఆ కోరికను నిరాకరిస్తుంది. అటువంటి పట్టు తప్పనిసరైన వారు ఫైళ్లను విడిచి, మొత్తం నిల్వ ప్రాంతాన్ని ఒకే పరికరంగా తీసుకొనే వేరొక పద్ధతిని ఆశ్రయించవచ్చు. తిరిగి తీసుకోలేని దానిని ఇవ్వరాదన్నదే ఈ నియమాల సారం.

ఇక ఈ దగ్గరిదారిని ఏ ఫైలుకు తెరవాలో ఎవరు నిర్ణయించాలి? 2020 ఆగస్టులో వెలువడిన లైనక్స్ 5.8 నుండి ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు వ్యవస్థలలో మూడు వికల్పాలు అమలులోకి వచ్చాయి. ఆల్వేస్ అంటే అన్ని ఫైళ్లకూ ప్రత్యక్ష మార్గమే. నెవర్ అంటే ఏ ఫైలుకూ లేదు. ఐనోడ్ అంటే ఫైలు మీద ఉన్న గుర్తును బట్టి నిర్ణయం. ఏమీ చెప్పకపోతే అమలయ్యేది ఈ మూడవదే. ఫైలు సృష్టించినపుడు అది ఉన్న డైరెక్టరీ నుండి ఆ గుర్తు సంక్రమిస్తుంది. అయితే డైరెక్టరీ గుర్తు మార్చినంత మాత్రాన అందులో ముందే ఉన్న ఫైళ్లు మారవు. నిర్వాహకుడు నెవర్ అని నిర్ణయిస్తే, గుర్తు ఉన్న ఫైలుకు సైతం ప్రత్యక్ష మార్గం దొరకదు.

ఇక్కడ మరొక విశేషం గమనించదగినది. గుర్తు మార్చగానే మార్పు అమలు కాదు. ఆ ఫైలును వాడుతున్న ప్రోగ్రామ్‌లన్నీ దానిని మూసివేసి, కెర్నల్ దాని వివరాలను మెమరీ నుండి తొలగించి, మరల తెరచినపుడే కొత్త నిర్ణయం చెల్లుతుంది. అంతవరకు ఫైలు పూర్వావస్థలోనే ఉంటుంది. ఒకరు పేజీ క్యాష్‌లోని ప్రతిని, మరొకరు అసలు స్థలాన్ని ఒకేసారి మారుస్తూ ఉంటే, ఏది నిజమైన ఫైలో తేల్చడం అసాధ్యం. ఆ గందరగోళాన్ని నివారించడానికే ఈ జాప్యం. తన ఫైలు ఏ దారిన నడుస్తున్నదో ప్రోగ్రామ్ ఊహించనక్కరలేదు. కెర్నల్‌ను అడిగి తెలుసుకొనే వీలుంది.

2022 జూలైలో ఇంటెల్ ఆప్టేన్ వ్యాపారాన్ని ముగిస్తున్నట్లు ప్రకటించింది. వస్తువు వెనుకబడినా, దాని కోసం రూపొందిన ఆలోచన నిలిచింది. ఒక కంప్యూటర్‌లో మరొక కల్పిత కంప్యూటర్‌ను నడిపేటపుడు, లోపలి యంత్రం వెలుపలి యంత్రంలోని ఫైలును నకలు లేకుండా చూడడానికి నేడు ఇదే డాక్స్ పద్ధతి ఉపకరిస్తున్నది. సాధనాలు మారవచ్చు. వేగం కోరే ప్రోగ్రామ్‌కు దారి ఇవ్వవచ్చు. కాని స్థలం మీద అధికారం ఫైలు వ్యవస్థ చేతిలో ఉన్నంతకాలమే ఒకరి ఫైలు మరొకరి చేతిలో పాడుకాకుండా ఉంటుంది.

కఠిన పదాలు - అర్థాలు

సన్నిహితం = దగ్గరగా ఉన్నది
పేచీ = తగవు
వికల్పం = ఎంచుకోదగిన మార్గాలలో ఒకటి
సంక్రమించు = ఒకరి నుండి మరొకరికి చెందు
జాప్యం = ఆలస్యం
సారం = ముఖ్యభావం

సంధులు

ప్రత్యక్షం = ప్రతి + అక్షం - యణాదేశ సంధి
పూర్వావస్థ = పూర్వ + అవస్థ - సవర్ణదీర్ఘ సంధి
నివాసాలున్నాయి = నివాసాలు + ఉన్నాయి - ఉత్వ సంధి

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. పేజీ క్యాష్ చేసే మేలును వివరించి, అది తొలగినపుడు ఏర్పడే చిక్కులను చర్చించండి.
2. ప్రత్యక్ష మార్గాన్ని ఏ ఫైలుకు తెరవాలో లైనక్స్‌లో ఎలా నిర్ణయిస్తారో రాయండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. డి.ఎం.ఎ. అనగానేమి?
2. అద్దె ఇంటి తాళంచెవి పోలికను రచయిత ఏ సందర్భంలో వాడారు?
3. ఫైలు గుర్తు మార్చగానే మార్పు ఎందుకు అమలు కాదు?