సంగీత సభలో మన ప్రక్కవారు



పంట ఇంటికి చేరి, పండుగలు వరుస కట్టే రోజులు వచ్చాయంటే మన దివిసీమలోగాని, బందరు, గుడివాడ చుట్టుప్రక్కలగాని రాత్రిపూట పాట వినపడని ఊరు ఉండదు. తిరునాళ్ళలో ఆర్కెస్ట్రా, పెళ్ళి ఊరేగింపులో డీజే, విచారణ పండుగనాడు సంగీత విభావరి. 2025 జూన్‌లో మంగినపూడి తీరాన జరిగిన బీచ్ ఫెస్టివల్ వంటి పెద్ద వేడుకలు సరేసరి. పాట వినాలని నలుగురు ఒకచోట చేరడం మంచిదే. దాన్ని పాపమని చెప్పడానికి ఈ వ్యాసం వ్రాయడం లేదు. ఆ నలుగురు నాలుగు వందలో, నాలుగు వేలో అయినప్పుడు మన ప్రవర్తన ఎందుకు మారిపోతుంది? ఇంట్లో, వీధిలో మర్యాదగా మసలే మనిషి సభలో ఎందుకు అలా ఉండడు? ఈ వారం దీన్ని గురించి కొంచెం ఆలోచిద్దాం.

ఆ మధ్య ఒక ఊరి పండుగలో చూచిన సంగతి. వేదికమీద పిల్లలు పాడుతున్నారు. ముందు వరుసలో ఒక కుర్రవాడు లేచి నిలబడి సెల్‌ఫోన్ పైకెత్తాడు. వెనుక చాపమీద కూర్చున్న పెద్దావిడ, "బాబూ, కాస్త ప్రక్కకి జరుగయ్యా. మా మనవరాలు పాడుతోంది, అవుపడట్లేదు" అంది. అతడు వెనక్కి తిరగకుండానే, "వీడియో తీస్తున్నాగా మామ్మా, తర్వాత చూసుకుందువుగాని" అన్నాడు! ఆ మాటలో కోపం లేదు, దురుసుతనం కూడా పెద్దగా లేదు. తాను చేసినదాంట్లో తప్పేమిటో అతనికి నిజంగానే తెలియలేదు. ఆ మామ్మ ఫోను లేని మనిషి. ఆ వీడియో ఆమెకు ఎప్పుడు చూపిస్తాడు?

ఇది చిన్న విషయం. ఇంతకంటె పెద్దవీ మీకు తెలుసు. చిన్నపిల్ల భయపడుతూ కీర్తన పాడుతూంటే మధ్యలో సినిమా పాట కావాలని కేకలు వేయడం, ఆడపిల్లలు కూర్చున్న వైపుకే కావాలని తోసుకుపోవడం, గాయని చీర గురించి వ్యాఖ్యానాలు, తాగి వచ్చి వేదిక ఎక్కబోవడం, చివరి పాట పూర్తికాకుండానే కుర్చీలు మడతపెట్టే చప్పుడు, రోడ్డుకు అడ్డంగా మోటారు సైకిళ్ళు. ఆ అడ్డం వెనుక ఆసుపత్రికి పోయే ఆటో ఒకటి హారన్ కొడుతూ ఉంటుంది. హారన్ మాత్రం ఎవరికీ వినపడదు.

"మా రోజుల్లో ఇలా ఉండేది కాదు" అని పెద్దలు అంటారు. అందులో కొంత నిజముంది. మన కూచిపూడి భాగవతులు ఆరుబయట, కాగడాల వెలుతురులో, తెల్లవార్లూ ఆడేవారు. మైకు లేదు. భామాకలాపంలో సత్యభామ మాట వినపడాలంటే ఊరంతా నోరు మూసుకొని కూర్చోవలసిందే. ప్రక్కవాడు మాట్లాడితే తనకు వినపడదు గనుక ప్రతివాడూ ప్రక్కవాడిని కట్టడి చేసేవాడు. మైకు వచ్చి ఆ అవసరాన్ని తీసివేసింది. ఇప్పుడు మనం ఎంత గట్టిగా మాట్లాడుకున్నా పాట వినపడుతూనే ఉంటుంది. మనం మాట్లాడుకొనే కొద్దీ మైకువాడు ఇంకొంచెం పెంచుతాడు, అతడు పెంచేకొద్దీ మనం ఇంకొంచెం అరుస్తాం. మర్యాద తగ్గడానికి కారణాలు చాలా చెబుతారుగాని, ఈ చిన్న యంత్రం చేసిన మార్పును ఎవరూ లెక్కలోనికి తీసుకోరు.

అయితే పాతకాలమంతా బంగారమనీ అనుకోకండి. పద్యనాటకాల రోజుల్లో "వన్స్ మోర్" అని ఈలలు వేసి, ఒక్క పద్యాన్నే మళ్ళీ మళ్ళీ పాడించి, కథను అక్కడికక్కడే ఆపివేసినవారు మన తాతలే. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు చిన్నతనంలో ఒక సభలో పెద్ద విద్వాంసులతో పోటీకి దిగి, ఓడి, నవ్వులపాలయ్యారని చెబుతారు. ఆ అవమానమే ఆయనను విజయనగరం సంగీత కళాశాలకు నడిపించిందట. మంచిదే. కాని అలా నవ్వించుకొని, మళ్ళీ జీవితంలో నోరు విప్పని పిల్లలు ఎందరో! వారి పేర్లు మనకెలా తెలుస్తాయి?

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆనాటి సభల్లో ఊరంతా కూర్చున్నదని అంటాం. ఊరంతా అంటే ఎవరు? మన విచారణల్లోని అనేక కుటుంబాల తాతముత్తాతలకు ఆ చాపమీద చోటు లేదు. దూరాన, చీకట్లో, నిలబడి చూచినవారు వారు. అందుచేత ఈనాడు ఒక సభలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి చూపుకు ఎవరు అడ్డు వచ్చారు అన్నది మనకు చిన్న ప్రశ్న కాకూడదు. వెనుక నిలబడినవారి బిడ్డలం మనం. ముందుకు వచ్చాక, వెనుకవారిని మరచిపోవడం మనకు ఎవరికంటెను ఎక్కువ సిగ్గుచేటు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. గుంపులో మనిషి ఎందుకు మారతాడు? ఫ్రాన్సు దేశస్థుడు గుస్తావ్ లె బాన్ 1895లో గుంపుల మనస్తత్వం గురించి ఒక ప్రసిద్ధ గ్రంథం వ్రాశాడు. గుంపులో మనిషికి పేరుండదు, పేరు లేనప్పుడు బాధ్యత ఉండదు, అందుచేత ఒంటరిగా ఎన్నడూ చేయని పని గుంపులో చేస్తాడు అన్నది ఆయన వాదన. ఇందులో కొంత నిజమున్నట్టు అనిపిస్తుంది. అయితే ఇది చాలా ప్రమాదకరమైన సాకు కూడా. "నేను చేయలేదు, జనం చేశారు" అనడానికి ఇది అందరికీ అక్కరకు వస్తుంది.

లె బాన్‌కు పదిహేను వందల సంవత్సరాల ముందే పునీత అగస్టీను ఇదే సంగతిని ఇంకా సూక్ష్మంగా చూశాడు. తన ఆత్మకథ ఆరవ భాగంలో అలీపియుసు అనే మిత్రుని ఉదంతం చెబుతాడు. రోములో మనుష్యులు ఒకరినొకరు చంపుకొనే క్రీడలంటే అలీపియుసుకు అసహ్యం. స్నేహితులు బలవంతాన లాక్కొనిపోయారు. "నా దేహం అక్కడ ఉంటుందిగాని నా మనస్సు ఉండదు" అన్న ధీమాతో అతడు కన్నులు మూసుకొని కూర్చున్నాడు. చెవులు మాత్రం మూసుకోలేదు. ఒక్కసారిగా జనం హోరెత్తారు. ఏమైందో చూచి, దానిని కూడా తృణీకరిద్దామని కన్ను తెరిచాడు. అంతే! అరిచాడు, ఉద్రేకపడ్డాడు, తరువాత ఇతరులను వెంటబెట్టుకొని వచ్చేవాడయ్యాడు. గమనించండి: జనం అతనిని మ్రింగివేశారని చెప్పి అగస్టీను ఊరుకోలేదు. అలీపియుసు తన శక్తిమీద తానే అతిగా నమ్మకం పెట్టుకొన్నాడని చెబుతాడు. కన్ను తెరిచినది అతడే.

దీనికి మరొక ప్రక్క కూడా ఉంది. 2005 జూలై 7న లండను భూగర్భ రైళ్ళలో బాంబులు ప్రేలినప్పుడు, చీకటి సొరంగాల్లో చిక్కుకొన్న అపరిచితులు ఒకరినొకరు త్రొక్కుకొని పోలేదు. నీళ్ళు పంచుకొన్నారు, గాయాలకు కట్లు కట్టారు. తరువాత వారిని ప్రశ్నించి చూచిన పరిశోధకులు, కష్టంలో ఉన్న జనం సాధారణంగా సహాయపడతారనే తేల్చారు. కనుక గుంపు దానంతటదే మృగం కాదు. మనల్ని చెడగొట్టే హోరూ అందులో ఉంది, మంచికి లేపే శక్తీ ఉంది.

మరి సభల్లో ప్రాణాలు ఎందుకు పోతున్నాయి? ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. 2021 నవంబరు 5న, మన తెలుగువారు ఎందరో స్థిరపడిన హ్యూస్టన్ నగరంలో ఆస్ట్రోవరల్డ్ అనే సంగీతోత్సవంలో నలిగి 10 మంది మరణించారు. వారిలో 9 ఏళ్ళ బాలుడు ఉన్నాడు. 2023 నవంబరు 25న కొచ్చి విశ్వవిద్యాలయంలో ఒక గాయని కచేరీకి ముందు వాన రావడంతో బయట ఉన్నవారు ఒక్కసారిగా లోపలికి వచ్చారు. మెట్లమీద పడి 4 మంది చనిపోయారు. అదే సంవత్సరం సెప్టెంబరు 10న చెన్నై శివార్లలో ఎ.ఆర్. రెహమాన్ కచేరీలో ప్రాణనష్టం జరగలేదుగాని, టిక్కెట్టు చేతిలో ఉన్నవారు వేలాదిగా లోపలికి పోలేక తిరిగి వచ్చారు. ఆ తోపులాటలో తమతో అసభ్యంగా ప్రవర్తించారని పలువురు స్త్రీలు చెప్పారు.

చదరపు మీటరు చోటులో ఐదారుగురికి మించి ఇరుక్కొంటే మనిషి తన కాళ్ళు తాను కదపలేడు. జనం నీటిలాగ అలలు అలలుగా కదులుతారు. ఊపిరి ఆడక, నిలబడినచోటే చనిపోతారు. అటువంటి చోట ముందున్నవాడికి మర్యాద నేర్పి ప్రయోజనం లేదు. తప్పు, పట్టినదానికంటె ఎక్కువమందిని లోపలికి పంపినవారిది, ద్వారాలు చాలినన్ని పెట్టనివారిది. "జనానికి క్రమశిక్షణ లేదు" అని నిర్వాహకులు పత్రికలవారితో చెప్పినప్పుడు మనం వెంటనే నమ్మరాదు. కాని చెన్నైలో ఆ స్త్రీలమీద చేయి వేసినది ద్వారం కాదు, టిక్కెట్టు కాదు. ఇరుకు అవకాశం ఇచ్చింది. చేయి మాత్రం ఒక మనిషిది, ఒక ఇంటివాడిది. ఈ రెండు తప్పులను కలిపివేస్తే ఇద్దరూ తప్పించుకొంటారు.

పునీత తోమాసు అక్వినాసు వినోదం గురించి చెప్పిన మాట ఇక్కడ పనికివస్తుంది. తత్త్వవేత్త అరిస్టాటిలును అనుసరించి ఆయన, అలసిన దేహానికి నిద్ర ఎటువంటిదో అలసిన మనస్సుకు ఆట, పాట అటువంటివన్నాడు. మితి మీరితే దోషం. అయితే తాను నవ్వక, నవ్వేవారిని చూడలేక, ఎదుటివారి సంతోషానికి అడ్డుపడేవాడిది కూడా దోషమే అన్నాడు. కనుక చప్పట్లు కొట్టే పిల్లలమీద కేకలు వేసే పెద్దలు కూడా ఒక్కసారి తోమాసుగారిని తలచుకోవాలి! పిల్లవాడు తాళం వేసుకొంటూ ఊగడం వేరు, ప్రక్కవారి కాళ్ళు త్రొక్కుతూ ఊగడం వేరు.

ఇక మన సొంత ఇంటి సంగతి. మన పండుగ రాత్రుల మైకులు ఊరికంతటికీ వినపడతాయి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడరాదు. పండుగలకు ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే 12 వరకు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా. ఆసుపత్రులకు, బడులకు, న్యాయస్థానాలకు 100 మీటర్ల చుట్టూ ఉన్న చోటును నిశ్శబ్ద ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. ఇదంతా ఇతరులను ఉద్దేశించినదే అనుకొనేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. అదే 2000 సంవత్సరం ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ విషయంమీద తీర్పు చెప్పినప్పుడు, కోర్టుకు వెళ్ళినది చెన్నైలోని ఒక క్రైస్తవ సంఘమే. డ్రమ్ములతో, మైకులతో ఆరాధించడం తమ మతస్వేచ్ఛ అన్నారు. ఇరుగుపొరుగును బాధపెట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని న్యాయస్థానం తేల్చింది. పౌలుగారు కొరింతువారికి వ్రాసిన మొదటి లేఖ పదునాలుగవ అధ్యాయం తీసి చదవండి. అందరూ ఒక్కసారే మాట్లాడే సభను ఆయన ఎలా సరిదిద్దాడో చూస్తే, ఈ తగవు క్రొత్తది కాదని తెలుస్తుంది.

ఈ పండుగల కాలంలో సంగీత విభావరి పెట్టబోయే విచారణ యువకులకు రెండు మూడు పనులు అప్పగిస్తున్నాను. వేదిక ముందు చాపలు పిల్లలకు, వారి వెనుక కుర్చీలు వృద్ధులకు వేయండి. నిలబడి చూడదలచినవారికి, ఫోనుతో తీయదలచినవారికి ప్రక్కలకు త్రాడు కట్టి వేరే చోటు చూపండి. ఆడవారు బయటకు పోయే దారి వేరుగా, వెలుతురుగా ఉండాలి. అక్కడ ఇద్దరు నిలబడాలి. ఆ ఇద్దరూ ఎవరైనా తప్పు చేస్తే పేరు పెట్టి పిలవగలిగినంత ఊరెరిగిన పెద్దవారై ఉండాలి. ఆటోకు, అంబులెన్సుకు రోడ్డు విడిచి, బండ్లు పెట్టుకొనే స్థలం ముందురోజే గుర్తుపెట్టండి. మైకువాడికి డబ్బు ఇచ్చేటప్పుడే పది గంటలకు ఆపాలని చెప్పండి. పది తరువాత చెబితే ఎలాగూ అతనికి వినపడదు.