ఓటేశాం, పని ఎప్పుడొస్తుంది?

అనంతపురం జిల్లాలో ఒక పల్లె అనుకుందాం. ఆ పల్లెలో ఒక కూలి మనిషి. ఆమె పేరు లక్ష్మక్క అనుకుందాం.

లక్ష్మక్కకు ఒక ఎకరం మెట్ట చేను ఉంది. వాన పడితే వేరుశనగ వేస్తుంది. వాన పడకపోతే చేను బీడే. ఆ జిల్లాలో వాన తక్కువ. కరువు వచ్చిన ఏడు ఊళ్లో పని దొరకదు. అప్పుడు జనం మూటా ముల్లె కట్టుకుని బెంగుళూరు పోయేవారు. అక్కడ ఇండ్లు కట్టేచోట మట్టి మోసేవారు. లక్ష్మక్క కూడా పోయేది. బిడ్డను అత్త దగ్గర వదిలి పోయేది. బస్సు ఎక్కేటప్పుడు బిడ్డ ఏడుపు వినలేక వెనక్కి తిరిగి చూసేది కాదు.

2004లో ఎన్నికలు వచ్చాయి. లక్ష్మక్క పోయి ఓటేసింది. ఆ రోజు రెండు మిషన్ల మీద రెండు మీటలు నొక్కింది. ఒకటి ఎం.ఎల్.ఎ. కోసం. ఒకటి ఎం.పి. కోసం. లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా మిషన్లు పెట్టింది అదే మొదటిసారి.

మే 11న ఎం.ఎల్.ఎ. ఓట్లు లెక్కపెట్టారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. మే 13న ఎం.పి. ఓట్లు లెక్కపెట్టారు. ఢిల్లీలోనూ మారింది. లోక్‌సభలో మొత్తం 543 సీట్లు. కాంగ్రెసుకు 145 వచ్చాయి. బి.జె.పి.కి 138 వచ్చాయి. సగానికి మించి, అంటే 272, ఎవరికీ రాలేదు. కొన్ని పార్టీలు కలిశాయి. మే 22న మన్మోహన్ సింగ్ ప్రధానమంత్రి అయ్యారు.

ఢిల్లీ ఫలితం తెలిసిన రోజు మగవాళ్లు రచ్చబండ కాడ టపాకాయలు కాల్చారు. ఆడవాళ్లు బోరింగు కాడ బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. అక్కడా అదే మాట.

"ఎవురు గెలిస్తే మనకేముంది? ఇందిరమ్మ కాలం నుంచి ఓటేస్తానే ఉండా. ఈ బోరింగు కొట్టి కొట్టి నా రెక్కలు పడిపోయినాయి," అంది అత్త.

"అట్లనొద్దు పెద్దమ్మా. రైతులకు కరెంటు ఉచితం అంటుండారు. మా ఆయన పొద్దున్నుంచి రేడియో వదిలితే ఒట్టు," అంది పక్కింటామె. వాళ్లకు చేలో మోటారు ఉంది.

"నాకు మోటారూ లేదు, బోరూ లేదు వదినా. నాకు పని కావాల," అంది లక్ష్మక్క.

పక్కింటామె ఆశ మర్నాడే తీరింది. మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం చేశారు. అది రాష్ట్రం చేతిలో పని. ఒక్క సంతకంతో మొదలైంది.

లక్ష్మక్క ఆశ అట్లా తీరలేదు. మే నెలాఖరున ఢిల్లీలో కలిసిన పార్టీలు ఒక కాగితం రాసుకున్నాయి. పేద కుటుంబంలో ఒకరికి ఏడాదికి కనీసం 100 రోజులు పని ఇస్తామని, దానికి చట్టం చేస్తామని అందులో ఉంది. లక్ష్మక్క రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. టీ కొట్టు కాడ పేపరు అడిగి తీసుకుని ఆ మాటలు కూడబలుక్కుని చదివింది. రెండుసార్లు చదివింది. ఇంటికొచ్చి అత్తకు చెప్పింది.

"అయితే రేపటి నుంచి పనా?" అంది అత్త.

రేపటి నుంచి కాదు. ఆ ఏడు పోయింది. లక్ష్మక్క మళ్లీ బెంగుళూరు పోయింది. మరుసటి ఏడు, 2005 ఆగస్టులో, పార్లమెంటు ఆ చట్టాన్ని ఆమోదించింది. దాని పేరు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం. 2006 ఫిబ్రవరి 2న ప్రధానమంత్రి అనంతపురం జిల్లాకే వచ్చారు. నార్పల మండలం బండ్లపల్లిలో ఆ పనులు మొదలుపెట్టారు. ముందు దేశంలో 200 జిల్లాలకు ఇచ్చారు. 2008లో మిగిలిన పల్లెలన్నిటికీ వచ్చింది. ఫలితం వచ్చిన రోజు నుంచి బండ్లపల్లి దాకా లెక్కపెట్టండి. ఇరవై నెలలు దాటింది.

అంత ఆలస్యం ఎందుకు? కరువు పనులు అంతకు ముందు కూడా ఉన్నాయి కదా? ఉన్నాయి. కానీ అవి ప్రభుత్వం దయ తలచి పెట్టినవి. డబ్బు అయిపోయిందంటే పని ఆగిపోయేది. కూలీలు అడగడానికి ఏమీ లేదు. చట్టం అట్లా కాదు. చట్టంలో రాసింది అడగొచ్చు. రాసింది ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని కూడా అడగొచ్చు. అందుకే కాలం పట్టింది. అంత కాలం ఎదురుచూసిన వాళ్ల కడుపు మంట మాత్రం ఏ కాగితంలోనూ రాయలేదు.

ఆ చట్టంలో ఏముంది? పని అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి. చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు ఇవ్వాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ కూలి సమానం. పని పొందేవాళ్లలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. పని కాడ నీళ్లు, పిల్లలకు నీడ ఉండాలి. కాంట్రాక్టర్లు ఉండరాదు.

ఇరవై ఏళ్ల తర్వాత, 2025 డిసెంబరులో, పార్లమెంటు దీని స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. అందులో 125 రోజులు అని రాశారు. ముందు చట్టం చేసిందీ పార్లమెంటే, మార్చిందీ పార్లమెంటే. అక్కడ కూర్చునేది మన ఓటుతో గెలిచిన ఎం.పి.లు.

మళ్లీ 2006కు వద్దాం. లక్ష్మక్క ఇంటికి జాబ్ కార్డు వచ్చింది. ఊళ్లో చాలామంది కార్డు వస్తే పని వచ్చినట్టే అనుకున్నారు. కార్డును పెట్టెలో దాచుకున్నారు. లక్ష్మక్క దాచలేదు. కాగితం తీసుకుని ఇలా రాసింది:

"పంచాయతీ కార్యదర్శి గారికి,
అయ్యా, మాకు జాబ్ కార్డు ఉంది. నాకు 14 రోజులు పని కావాలి. వచ్చే సోమవారం నుంచి పని ఇప్పించగలరు. ఈ దరఖాస్తు ముట్టినట్టు రశీదు ఇవ్వగలరు.
ఇట్లు,
లక్ష్మక్క."

కార్యదర్శి కాగితం చూశాడు. "రశీదు ఎందుకమ్మా? నోటితో చెప్తే చాలదా?" అన్నాడు.

"చాలదు సార్. తేదీ వేసి ఇయ్యండి. 15 రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టుకోవాల?"

ఆయన కాసేపు ఆమె మొహం చూశాడు. తర్వాత రశీదు రాసి ఇచ్చాడు. లక్ష్మక్క ఇంటికొచ్చి క్యాలెండరు మీద రోజూ ఒక గీత గీసింది. పన్నెండో గీత నాడు కబురొచ్చింది. చెరువులో పూడిక తీసే పని. ఆ వారం బెంగుళూరు బస్సు ఊళ్లో ఆగి, కొందరిని ఎక్కించుకుని పోయింది. లక్ష్మక్క తట్ట నెత్తిన పెట్టుకుని చెరువుకు పోయింది. మస్టరులో సంతకం చేసింది. సాయంత్రం బిడ్డ చెరువు గట్టు దాకా ఎదురొచ్చింది.

రాత్రి అన్నం తినేటప్పుడు అత్త అడిగింది. "అంతా బాగానే ఉండాది. మరి నా బోరింగు సంగతేంది? దాన్ని ఢిల్లీ వాళ్లు చెయ్యరా?"

"దానికి ఢిల్లీ దాకా ఎందుకత్తా? బోరింగు మన పంచాయతీ చూడాల. గ్రామసభలో అడగాల. ఇంకో కాగితం రాయాల."

"అయితే రాయి," అంది అత్త. "నేను కూడా సంతకం పెడతా. వేలిముద్ర వెయ్యను."