మాట పూర్తి కానివ్వండి

మూడో తరగతి గదిలో హాజరు పిలుస్తున్నారు. చిన్నోడి వంతు వచ్చింది. "ప్... ప్... ప్..." అన్నాడు. "ప్రెజెంట్" అనే మాట గొంతు దాటి రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వెనక పిల్లలు "ప్... ప్..." అని వెక్కిరించారు. గది అంతా నవ్వులు.

మర్నాడు చిన్నోడు బడికి పోలేదు. కడుపు నొప్పి అన్నాడు. మూడు రోజులు అదే మాట. నాలుగో రోజు అమ్మకు అసలు సంగతి తెలిసింది.

"చంటివాడప్పుడు నాలుక మీద వస రాయనివ్వలేదు నువ్వు. అందుకే నత్తి వచ్చింది" అంది నాయనమ్మ.

"నాలుక మీద వాత పెట్టించు. పోతుంది" అంది పొరుగింటామె.

వాత మాట వినగానే అమ్మ గుండె ఝల్లుమంది. పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని మండల కేంద్రంలోని ఆయుర్వేద దవాఖానాకు వెళ్లింది.

డాక్టరు గారు చిన్నోణ్ణి పేరు అడిగారు. వాడు చాలాసేపు తంటాలు పడ్డాడు. అమ్మ చెప్పబోయింది. డాక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. వాడి మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా విన్నారు. తర్వాత ఇలా చెప్పారు.

నత్తి ఎందుకు వస్తుంది?

మాట్లాడాలంటే ఊపిరి, గొంతు, నాలుక, పెదవులు ఒకదానితో ఒకటి కలిసి కదలాలి. వాటిని నడిపేది మెదడు. ఆ నడకలో తడబాటే నత్తి. ఇది కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. మగపిల్లల్లో ఎక్కువ. చాలామందికి 2 నుంచి 5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. వాళ్లలో ఎక్కువమందికి దానంతటదే పోతుంది. కొందరికి నిలిచిపోతుంది. లోకంలో నూటికి సుమారు ఒకరికి నత్తి ఉంటుంది.

నాలుక మందం వల్ల నత్తి రాదు. వస రాయకపోవడం వల్ల రాదు. ఒకరిని చూసి ఒకరికి అంటుకోదు. నత్తి ఉన్నవాళ్లకు తెలివి తక్కువ కాదు. భయం వల్ల నత్తి పుట్టదు. కానీ భయం వల్ల పెరుగుతుంది. నవ్వుతారేమో అని భయం. భయంతో మాట ఇంకా ఆగుతుంది. మాట ఆగితే మళ్లీ నవ్వులు. ఇదొక గానుగ చుట్టూ తిరగడం లాంటిది.

ఆయుర్వేదం ఏమంటుంది?

సుశ్రుత సంహితలో దీన్ని గద్గదం అన్నారు. వాతం కఫంతో కలిసి, మాటను మోసే దారులను కప్పేస్తుందని అందులో ఉంది. అందుకే ఆయుర్వేద వైద్యులు వాతాన్ని అణిచే పనులు చెబుతారు. వేళకు వేడి అన్నం. వేళకు నిద్ర. ఒంటికి, తలకు నువ్వుల నూనె రాసి స్నానం. వీటివల్ల ఒళ్లు, మనసు కుదుటపడతాయి.

భ్రామరి కూడా మంచిదే. నిటారుగా కూర్చోవాలి. ముక్కుతో ఊపిరి తీసుకోవాలి. నోరు మూసి, తుమ్మెదలా "మ్..." అంటూ మెల్లగా ఊపిరి వదలాలి. రోజూ ఐదారు సార్లు చేస్తే చాలు.

"మరి సరస్వతి ఆకు?" అని అడిగింది అమ్మ.

"జ్ఞాపకశక్తికి, మనసు నెమ్మదికి వాడతారమ్మా. దానివల్ల నత్తి పోతుందని రుజువు కాలేదు. ఏ మందయినా వైద్యుడు చూసి, వయసును బట్టి కొలత చెప్పాకే వాడాలి. వస ఎక్కువైతే వాంతులవుతాయి. చంటిపిల్లలకు అసలు పెట్టకూడదు. ఏడాది లోపు పిల్లలకు తేనె కూడా నాకించకూడదు. నాలుకకు వాత పెట్టడం వైద్యం కాదు, హింస. పది రోజుల్లో నత్తి పోగొడతాం అనేవాళ్లకు డబ్బు పోయకండి" అన్నారు డాక్టరు గారు.

ఎక్కడ చూపించాలి?

మాటకు శిక్షణ ఇచ్చే నిపుణులు ఉన్నారు. వాళ్లను స్పీచ్ థెరపిస్టులు అంటారు. మొదటి అక్షరాన్ని మెత్తగా ఎలా పలకాలో, మాట ఆగినప్పుడు ఏం చేయాలో వాళ్లు నేర్పుతారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. ఇందులో 18 ఏళ్ల లోపు పిల్లలను బడుల్లో, అంగన్‌వాడీల్లో పరీక్షిస్తారు. అవసరమైతే జిల్లాలో పిల్లల కోసం పెట్టిన కేంద్రానికి పంపుతారు. డబ్బు కట్టనక్కరలేదు. మీ ఊరి ఆశ కార్యకర్తను గానీ, ఏఎన్ఎంను గానీ అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనూ కేంద్ర ప్రభుత్వ వాక్కు, వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మైసూరులో 1965లో పెట్టిన పెద్ద సంస్థ ఉంది.

ఆ రాత్రి

అమ్మ సాక్షరతా కేంద్రంలో ఇచ్చిన పుస్తకం తీసింది. అమ్మ చదువు నేర్చి ఏడాదే. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది. "వ... వర్... వర్షం..." చిన్నోడు పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"నీకూ నత్తేనా అమ్మా?" అని నెమ్మదిగా అడిగాడు.

అమ్మ నవ్వింది. "నాకూ తడబాటేరా నాన్నా. నన్ను చూసి నవ్వుతారని ఎన్నాళ్లో పలక పట్టలేదు. నువ్వూ నాతో కలిసి చదువు."

ఇద్దరూ కలిసి చదివారు. ఒక వాక్యం. రెండు వాక్యాలు. చిన్నోడి మాట ఎక్కడా ఆగలేదు! నత్తి ఉన్న చాలామందికి నలుగురితో కలిసి చదివినా, పాట పాడినా మాట సాఫీగా వస్తుంది. ఇద్దరికీ ధైర్యం వచ్చింది. రోజూ ఒక పేజీ అనుకున్నారు.

మర్నాడు అమ్మ బడికి వెళ్లి టీచరమ్మతో మాట్లాడింది. "నోటితో చెప్పినా సరే, చెయ్యి ఎత్తినా సరే" అని టీచరమ్మ తరగతి అంతటికీ చెప్పింది. పాఠం ఇద్దరిద్దరు చొప్పున చదివించింది. వెక్కిరించిన పిల్లలను పిలిచి, అది ఎంత బాధో చెప్పింది. జిల్లా కేంద్రానికి పంపే కాగితం కూడా తయారైంది.

చిన్నోడికి నత్తి పోలేదు. కానీ బడి మానలేదు. ఒక సాయంత్రం పరుగెత్తుకొచ్చాడు. "నా... నా... నాయనమ్మా!" అన్నాడు. నాయనమ్మ చేతిలోని చేట పక్కన పెట్టింది. వాడి కళ్లలోకి చూస్తూ కూర్చుంది. మాట అందుకోలేదు. కసరలేదు. చిన్నోడు లెక్కల్లో తనకు ఎన్ని మార్కులు వచ్చాయో తనే చెప్పాడు.

గుర్తుంచుకోండి

1. మాట మధ్యలో అందుకోకండి. పూర్తయ్యేదాకా వినండి.
2. "త్వరగా చెప్పు", "సరిగ్గా మాట్లాడు" అనకండి.
3. నత్తి పేరు పెట్టి పిలవకండి. పిలిచేవాళ్లను ఆపండి.
4. మీరే నిదానంగా మాట్లాడండి.
5. రోజూ కాసేపు పిల్లలతో కలిసి చదవండి, పాడండి.

చర్చించండి

మీ ఊళ్లో నత్తి ఉన్నవాళ్లు ఉన్నారా? వాళ్లు మాట్లాడేటప్పుడు మీరేం చేస్తారు? రేపటి నుంచి ఏం చేస్తారు?