కాలువ గట్టు బాట

మన ప్రాంతమును మన మెన్నడైనను చూచితిమా? ఈ ప్రశ్న విని మీరు నవ్వవచ్చును. "పుట్టి పెరిగిన చోటును చూడకుందుమా?" యని యందురు. బస్సు కిటికీలోనుండి చూచువానికి చెట్లును, గోడలును వెనుకకు పరుగిడుచున్నట్లు తోచును. మోటారుసైకిలుపై పోవువానికి దుమ్మును, ముందు పోవు లారీ వెనుకభాగమును దప్ప వేరేమియు కనబడదు. నడచిపోవువానికి సమస్తమును కనబడును గాని, ప్రొద్దు క్రుంకులోపల అతడు చూడగలిగినవి నాలుగైదు గ్రామములే. చూచుటకు తగినంత మెల్లగను, చేరుటకు తగినంత వేగముగను పోవు వాహన మొకటి కలదు. అది సైకిలు. దానికి తగిన బాటయు మన కోనసీమలో కలదు. అది కాలువ గట్టు.

మాది కొత్తపేట మండలమందలి పలివెల గ్రామము. ఇచ్చటి ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయము మిక్కిలి ప్రసిద్ధమైనది. లింగమునకు కొప్పు ఆకృతి యుండుటచే స్వామి కా పేరు కలిగెను. తెల్లవారుజామున గుడిగంట విని నేను సైకిలుపై బయలుదేరుదును. తారురోడ్డు దిగి గట్టెక్కగనే లారీల మ్రోత వెనుకబడును. తరువాత నా చెవికి వినవచ్చునది సైకిలు గొలుసు చప్పుడు మాత్రమే.

ఒకవైపున నిండుగా పారు కాలువ, మరియొకవైపున కొబ్బరితోటలు. గుర్రపుడెక్క గుంపులు తెప్పలవలె నీటిపై తేలి వచ్చుచుండును. లకుముకి పిట్ట కొమ్మపై కదలక కూర్చుండి, తటాలున నీటిలో మునిగి చేపతో లేచును. తూముల యొద్ద నీరు బోదెలలోనికి దుముకుచుండును. ఊడ్పుల దినములలో ఆ బోదెల వెంట చూపు సారించినచో, చేలలో స్త్రీలు వరుసగా వంగి నారు నాటుచుండుట కనబడును. తోటలలో కొబ్బరిచెట్ల నీడను అరటియు, కోకోయు పెరుగుచుండును. దింపు కార్మికుడు చెట్టెక్కి కాయలు కోయుచుండగా, అవి ధబ్బుధబ్బున నేల రాలును. ఒలుపు చోట మరియొకడు నిలువున పాతిన ఇనుప మొనకు కాయను గ్రుచ్చి, నాలుగు త్రిప్పులలో డొక్క నూడదీసి ప్రక్కకు విసరును. ఆతని చేతి నేర్పు చూడవలెనన్న సైకిలు దిగి ఒక కాలు నేల నాన్చి నిలిచిన చాలును. బస్సులో పోవువాని కీ అవకాశ మెక్కడిది?

సెలవు దినములలో నేను నీటికి ఎదురుగా సాగి కొత్తపేట, రావులపాలెము దాటి లొల్ల లాకుల వరకు పోవుచుందును. దారి యంతయు ఒకే తీరున నుండదు. కొన్నిచోట్ల మోటారు రోడ్డే గట్టు నానుకొని పోవును. అచ్చట జాగ్రత్తగా ఎడమప్రక్కన పోవలెను. లొల్ల యొద్ద ప్రధాన కాలువ శాఖలుగా చీలుట చూచినప్పుడు, మా తోటల పచ్చదనమెల్ల ఎచ్చటినుండి వచ్చుచున్నదో బోధపడును.

ఈ గట్లు సైకిళ్ల కొరకు కట్టబడినవి కావు. సర్ ఆర్థరు కాటను పర్యవేక్షణమున 1847లో ధవళేశ్వరము వద్ద గోదావరికి ఆనకట్ట ప్రారంభమై 1852లో పూర్తియయ్యెను. దాని స్థానమున నేడున్న బ్యారేజి 1982లో పూర్తియైనది. గౌతమీ వసిష్ఠల నడుమనున్న మన సీమకు బొబ్బర్లంక వద్ద తలుపులు దాటి నీరు వచ్చును. వైనతేయకు ఆవలనున్న భూములకు సయితము నీరందుటకై గన్నవరము వద్ద 49 కమానుల అక్విడక్టు కట్టి, నదిమీదుగా కాలువను నడిపించిరి.

కాటను ఈ కాలువలను సేద్యమునకే గాక ప్రయాణమునకును ఉద్దేశించెను. ధాన్యము, కొబ్బరి మున్నగు సరకులు పడవలపై సాగెడివి. గాలి యనుకూలించినపుడు తెరచాప ఎత్తెడివారు. లేనిచో మనుష్యులు గట్టుపై నడచుచు తాడు భుజమున వేసికొని పడవను లాగెడివారు. లాకుల యొద్ద తలుపులు మూసి, నీటిమట్టమును సరిచేసి, పడవను ఎగువకో దిగువకో దాటించెడివారు. పడవ లాగినవారి పాదములే ఈ బాటను తీర్చినవి. పిదప రోడ్లును, వంతెనలును వచ్చెను, సరకు లారీల కెక్కెను, పడవలు మాయమయ్యెను. బాట మాత్రము మిగిలెను.

మిగిలిన బాటను ఏమి చేయవలెను? ఈ ప్రశ్న మనకు మాత్రమే వచ్చినది కాదు. ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున "కెనాల్ ద్యు మిది" యను కాలువ కలదు. అది తులూజు నగరమునుండి మధ్యధరా సముద్రతీరమున సెతు పట్టణ సమీపము వరకు 240 కిలోమీటర్లు సాగును. పియేర్ పోల్ రికే యను నతడు దానిని తలపెట్టగా, పదునాల్గవ లూయీ రాజు 1666లో అనుమతి నిచ్చెను. రికే తన సొంత ధనమును సయితము దానికై వెచ్చించెను. కాని కాలువ 1681లో తెరువబడుటకు కొన్ని నెలల ముందే, 1680లో అతడు కన్నుమూసెను. అచ్చట గుఱ్ఱములు గట్టుపై నడచుచు పడవలను లాగెడివి. అచ్చటను రైళ్లును లారీలును వచ్చి సరకు పడవలను తొలగించెను.

ఆ గట్టుపై నేడు జనులు సైకిళ్లపై పోవుచున్నారు. కార్కసోను నుండి బెజియే వైపు సాగినచో, మనకు కొబ్బరితోటలు కనబడినట్లే వారికి ద్రాక్షతోటలు వరుసలు దీరి కనబడును. కాలువకు నీడగా నాటిన ప్లేను వృక్షములకు 2006లో ఒక బూజు తెగులు సోకినట్లు కనుగొనబడెను. వేలకొలది చెట్లను నరికివేయవలసి వచ్చెను. వారు చేతులు ముడుచుకొనక వేరు జాతుల మొక్కలను నాటుచున్నారు. ఇట్టి దుఃఖము కోనసీమ యెరుగనిది కాదు. 1996 నవంబరు 6వ తేదీని వచ్చిన తుపానులో మన కొబ్బరిచెట్లు లెక్కకు మిక్కిలిగా కూలిపోయెను. నేడు మనకు నీడ నిచ్చుచున్న చెట్లలో ననేకము ఆ తరువాత మన పెద్దలు నాటినవే.

అదే దేశమున బర్గండీ యను ద్రాక్షసీమ కలదు. అందు మూలబడిన రైలుమార్గముపై పట్టాలు తొలగించి, జివ్రి నుండి క్లూని వరకు 44 కిలోమీటర్ల బాటను 1997లో తెరచిరి. "పచ్చబాట" యని దానికి పేరు. దానిపై పాదచారులకును, సైకిళ్లకునే ప్రవేశము. పసిపిల్లలును, ముదుసలులును అచ్చట నిర్భయముగా సాగుదురు. పనికిమాలినదని విడిచిన దారి పదిమందికి పనికివచ్చినది.

అంత దూరము పోనక్కరలేదు. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున జరిగిన సంగతి యొకటి చెప్పెదను. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక పది దినములు బడికి రాలేదు. ఆమె పొరుగూరినుండి సైకిలుపై వచ్చెడిది. నేను వారి యింటికి పోతిని. బాలిక ముంజేతికి కట్టు కలదు. తారురోడ్డుపై ఒక లారీ ఒరసికొని పోగా ఆమె పడిపోయెనట.

తండ్రి నన్ను అరుగుపై కూర్చుండబెట్టి, "మాస్టారండీ, చదువు ఎలా పోయినా పిల్ల దక్కితే చాలండీ. ఇంక సైకిలెక్కనివ్వనండి" అనెను.

"కాలువ గట్టున రావచ్చు గదయ్యా?" అంటిని.

"గట్టంతా ముళ్లకంపలండీ. మధ్యలో బోదె దాటడానికి దారే లేదండీ."

లోపలనుండి బాలిక, "కంపలు కొట్టేస్తే నేనొస్తానండీ, మాస్టారండీ" అనెను. తండ్రి మారు పలుకలేదు.

ఆ ఆదివారము మా పెద్ద తరగతుల బాలురు కత్తులును, పారలును తీసికొని వచ్చిరి. కంపలు కొట్టుట ప్రారంభించిన గంటకు, చూచుచు నిలిచిన రైతులు కొందరు పంచెలు పైకి కట్టి పనిలో దిగిరి. మరుసటి ఆదివారమునకు బోదెపై రెండు తాటిదూలములు పడెను. వానిని మోసికొని వచ్చినవారిలో ఆ బాలిక తండ్రియు నుండెను. చేయి కుదిరిన పిదప ఆమె గట్టు వెంట బడికి వచ్చెను. ఒంటరిగా రాలేదు, ఆమె వెనుక మరి ఆరు సైకిళ్లు వచ్చెను. వానిలో మూడు, అంతకుముందు బడి మానిన పిల్లలవి.

కొంతకాలమునకు చదునైన ఆ బాటపై ట్రాక్టర్లును నడువసాగెను. గట్టు గుంతలు పడెను. పిల్లలు మరల దిగి నడువవలసి వచ్చెను. రెండు కొసల యందును సైకిలు మాత్రమే పట్టునట్లు రాతికంబములు పాతుదమని కొందరనిరి. "మరి మా కాయ ఎలా తోలుకోవాలండీ?" అని ఒక రైతు అడిగెను. అతని మాటయు న్యాయమైనదే. పెద్దలు కూర్చుండి ఆలోచించి, ఆవలిగట్టు బండ్లకును, ఈవలిగట్టు పిల్లలకును అని నిర్ణయించిరి. కంబములు నాటబడెను. నాటినుండి ఆ బాలిక పదవ తరగతి ముగించువరకు ఆ బాటపై ఏ పిల్లకును దెబ్బ తగులలేదు.

మొన్న నేనా దారిని పోయితిని. తుమ్మమొలకలు మరల తల యెత్తుచున్నవి. ఒకచోట ఎవరో చెత్త గుమ్మరించిరి. రాతికంబములలో ఒకటి పడియున్నది. నా వయసున దానిని ఒంటరిగా లేవనెత్తజాలనైతిని.

బాలబాలికలారా! బాట ఒకమారు వేసిన సరిపోదు. నడచుచున్నంత కాలము దానిని కాపాడుకొనుచుండవలెను. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినపుడు, మీ యూరి గట్టును ఒకమారు పెద్దలతో గూడి చూచి రండు. ఎచ్చట కంప పెరిగినదో, ఎచ్చట గట్టు కోసికొనిపోయినదో వ్రాసికొనుడు. పడిన కంబమును లేపుటకు నలుగురు చాలుదురు.

ప్రశ్నలు

1. కాలువ గట్టుపై బాట మొదట ఎట్లేర్పడెను? పిదప ఎందుచే ఖాళీయయ్యెను?
2. కెనాల్ ద్యు మిదికిని, మన కోనసీమ కాలువలకును గల పోలికలను వ్రాయుడు.
3. "మరి మా కాయ ఎలా తోలుకోవాలండీ?" అను ప్రశ్నకు పెద్దలు చేసిన నిర్ణయ మేది? అది తగినదేనా?
4. మీ యూరిలో వాడుకలేక విడువబడిన దారి యేదైన నున్నచో, దానిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.