మాత్ర మానవద్దు: రక్తపోటును గూర్చిన పాఠము



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి చెన్నైకి కట్టడం పనులకు వచ్చే మనవారు చాలామంది ఉన్నారు. వారికి ఉపయోగపడవలెనని ఈ పాఠం. దీనిని చదివి, వారికి చెప్పండి.

1. రక్తపోటు అనగా ఏమి?

రక్తం నాళాల గోడలను నెట్టే ఒత్తిడే రక్తపోటు. వేర్వేరు రోజులలో చూసినప్పుడు పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉంటే బి.పి. ఉన్నట్లు. పరీక్షకు ముందు అరగంట టీ, బీడీ మానాలి. అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోవాలి. చాలామందికి ఏ బాధా తెలియదు. అయినా అది లోలోపల గుండెను, మెదడును, మూత్రపిండాలను పాడుచేస్తుంది. కూలి మనిషికి పక్షవాతం వస్తే ఇల్లంతా మంచాన పడినట్లే.

2. మాత్ర ఎందుకు మానుతారు?

"ఒంట్లో బాగానే ఉంది" అని కొందరు మానుతారు. బాగున్నది మాత్ర వలననే. మానితే పోటు మరల పెరుగుతుంది. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు, పనిచోటు మారినప్పుడు కొందరికి మాత్రలు అయిపోతాయి. గనుక ప్రయాణానికి ముందే సరిపడా తీసుకోవాలి. మందుచీటీ దగ్గరుంటే ఊరిలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనూ చూపించవచ్చు.

3. ఉప్పు, నొప్పి మాత్రలు

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు, అనగా ఒక చిన్న చెంచాకు మించని ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కూర లేని పూట ఆవకాయతోనో ఎండుచేపతోనో అన్నం తింటే ఆ కొలత సులభంగా దాటుతుంది. చెమట పడుతుందని బి.పి. ఉన్నవారు తమంతట తామే ఉప్పు పెంచకూడదు. నీళ్లు తరచుగా త్రాగాలి. ఒళ్లు నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు రక్తపోటును పెంచగలవు. వాటిని వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

4. మనం చేయదగినది

2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం "మక్కళై తేడి మరుత్తువం", అనగా ప్రజలను వెదకి వచ్చే వైద్యం, అనే పథకాన్ని ఆరంభించింది. బి.పి., షుగరు మాత్రలను ఇంటికే చేర్చడం దానిలో ముఖ్యమైన పని. కాని తమిళం రాని కూలి ఎవరిని అడుగుతాడు? తమిళం వచ్చిన మనం ఒక్కసారి అతనితో కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో వ్రాసి ఇస్తే చాలు.

మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీ ఇంటిలో పెద్దవారందరూ ఈ సంవత్సరం బి.పి. చూపించుకున్నారా?
2. మీ వీధి దగ్గర పనిచేసే కూలీలలో మాత్ర మానినవారు ఉన్నారా? వారితో ఆసుపత్రికి ఎవరు వెళ్తారు?